ఐవర్ ప్రోథెరో ఆడిన ఒకే ఒక్క మ్యాచ్

మార్చి 3

ఇవాళ కొత్త పెట్టె. మూత మీద పెన్సిల్‌తో "ప్రోథెరో, ఐవర్, 1886–1961". లోపల నాలుగు జేబు డైరీలు, ఉత్తరాల కట్ట, ఒక పేపర్ కటింగ్, చిమ్మెటలు తిన్న ముఖమల్ టోపీ. టోపీ ముందు వెండి దారంతో 1908 అని కుట్టి ఉంది. దేశం తరఫున హాకీ ఆడినవాళ్లకు ఇచ్చే టోపీ అట. కటింగ్‌లో వేల్స్‌కీ ఐర్లండ్‌కీ జరిగిన మ్యాచ్ గురించి పన్నెండు వాక్యాలున్నాయి. అందులో ఒకటి: "కుడి బ్యాక్ ప్రోథెరో దెబ్బలు శుభ్రంగా ఉన్నాయి." వేల్స్ ఓడిపోయింది.

కారల్‌కి ఆ వాక్యం కంఠతా వచ్చు. ఐవర్ ఆమెకు తాత, తల్లి తండ్రి. వేల్స్‌లో లాన్‌వెరిన్ అనే చిన్న ఊళ్లో విత్తనాల కొట్టులో గుమాస్తా. 1911లో ఇక్కడికి, డల్లస్ పక్కకి వచ్చి పాడి పెట్టుకున్నాడు. ఇప్పుడు ఇండియన్ గ్రోసరీ, దోసె హోటలు ఉన్న చోటే ఎక్కడో ఆయన ఆవులు తిరిగేవని కారల్ చెప్పింది. కారల్‌కి ఎనభై ఒకటి. ఈ చరిత్ర సంఘం గదిని పందొమ్మిదేళ్లుగా ఆమే నడుపుతోంది. సొంతవాళ్ల పెట్టె తాను సర్దకూడదని రూలు పెట్టుకుంది. అందుకే నాకిచ్చింది.

పని మామూలే. కాగితాలు విడదీయాలి, జాబితా రాయాలి, పైన ఒక పేజీలో మనిషి జీవిత పరిచయం రాయాలి. కారల్ రూలు ఇంకోటి: "కాగితంలో లేనిది రాయకు. తెలియకపోతే తెలియదని రాయి."

వారానికి ఇరవై గంటలు, జీతం లేదు. అయినా చదివిన చదువుకు సంబంధించిన పని కాబట్టి, చదువయ్యాక ఏడాది పని చేసుకోనిచ్చే ఓపీటీలో ఉద్యోగం కిందే లెక్క. నెలనెలా కారల్ నేను చేసిన గంటలు చూపే ఉత్తరం మీద సంతకం పెడుతుంది, నేను యూనివర్సిటీకి పంపుతాను. జూన్ 14 దాకా ఇలా నడుస్తుంది. ఆ లోపు జీతమిచ్చే ఉద్యోగం దొరికితే ఇంకో రెండేళ్లు. లేకపోతే ఏలూరు.

అమ్మ వీధిలో అందరికీ నేను అమెరికా లైబ్రరీలో ఆఫీసర్నని చెప్పింది. నేను కాదనలేదు.

మార్చి 4

1908 జనవరి నెలంతా ఐవర్ ఒకే మాట రాశాడు. వర్షం.

మార్చి 9

అనుదీప్ అన్న తాను తయారుచేసిన నా రెజ్యూమే నాకు పంపాడు. అతను మా కన్సల్టెన్సీలో మార్కెటింగ్ చూస్తాడు. మార్కెటింగ్ అంటే మమ్మల్ని కంపెనీలకు చూపించడం. కన్సల్టెన్సీ అమర్‌నాథ్ గారిది, ఈ గెస్ట్ హౌస్ కూడా. పై గదుల్లో ఆడపిల్లలం అయిదుగురం, కింద గదుల్లో మగపిల్లలు ఎనిమిది మంది.

రెజ్యూమేలో నాకు ఏడేళ్ల అనుభవం. ఏడేళ్ల కిందట నేను ఇంటర్ సెకండియర్.

"అన్నా, ఈ బ్యాంకులో నేను పని చేయలేదు."

"చేయలేదని ఎవరికి తెలుసమ్మాయ్?"

"నాకు తెలుసు."

"నువ్వు మర్చిపో. మిగతాది నేను చూసుకుంటా."

"రెడ్‌మండ్‌లో రెండేళ్లున్నట్టు రాశారు. నేనెప్పుడూ అటు పోలేదు."

"ఎవరన్నా అడిగితే వర్షం పడుద్దని చెప్పు. చాలు."

ఎలా చేస్తారో ఒకసారి చూస్తాను. చూడటంలో తప్పేముంది.

మార్చి 12

భీమశంకరం మాస్టారు ఇవాళ నా పక్కన కూర్చున్నారు. అమర్‌నాథ్ గారి నాన్న. అనంతపురంలో ముప్పై ఒక్కేళ్లు డ్రిల్లు మాస్టారు. కోడలు ఇంట్లోంచే పని చేస్తుంది, ఆమె మీటింగుల్లో ఈయన దగ్గు వినపడకూడదు. అందుకని పొద్దున్నే వాకింగ్ షూలు వేసుకుని మా గెస్ట్ హౌస్‌కి వచ్చేసి మధ్యాహ్నం దాకా ఉంటారు. కొడుకు ఇక్కడ ట్రైనింగ్ కాలేజీ నడుపుతున్నాడని ఆయన నమ్మకం. మమ్మల్ని హాజరు కూడా అడుగుతారు.

"ఏం చదువుతాండావు పాపా?"

"హాకీ ఆటగాడి గురించి మాస్టారూ. వేల్స్ అని, ఇంగ్లండ్ పక్కన. వందేళ్లు దాటింది."

"ఏ పొజిషను?"

ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది. మిగతా అందరూ మంచు మీదా, గడ్డి మీదా అనే అడిగారు.

"కుడి బ్యాక్."

"బ్యాకా! అయితే ఓర్పు గలోడు. ఫార్వర్డుల మాదిరి ఎగిరేటోడు కాదు." కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "నేను పద్నాలుగు జిల్లాల్లో అంపైరింగ్ చేసినా పాపా. ఇంకా ఏముండాదో చదువు."

వర్షం గురించి చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నారు.

మార్చి 20

ఇవాళ విజయశ్రీ అక్కని కలిశాను. గ్రోసరీ వెనక అపార్ట్‌మెంట్స్. హైదరాబాద్‌లో పదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసింది, పద్దెనిమిది మంది ఆమె కింద ఉండేవాళ్లు. ఇక్కడ భర్త వీసా మీద డిపెండెంట్. వర్క్ పర్మిట్ రెన్యువల్‌కి వేసి పద్నాలుగు నెలలైంది. వచ్చేదాకా ఆమె పని చేయకూడదు.

ఆమె చేసేది ఇది. ఇంటర్వ్యూలో నేను కెమెరా ముందు కూర్చుని పెదవులు కదుపుతాను. గొంతు ఆమెది.

బెడ్‌రూమ్ క్లోజెట్‌లో చీరల కింద చిన్న స్టూలు, దాని మీద లాప్‌టాప్.

"ఇక్కడైతే ఎకో రాదు," అంది. "పట్టుచీరలు మంచిగ సౌండ్ గుంజుతయ్. ఇండియా నుంచి తెచ్చుకున్నందుకు గిదొక్కటే ఉపయోగం."

"ఎంతమందికి చెప్పావక్కా?"

"ముప్పై ఆరు ఆఫర్లు. నువ్వు ముప్పై ఏడు." గోడవైపు చూసింది. అక్కడ కూతురు రియా బొమ్మ అతికించి ఉంది, నీలం రంగు నీళ్లలో ఒక తల. "నువ్వేం చేస్తుంటవ్ రోజంతా?"

చెప్పాను.

"చచ్చిపోయినాయన రెజ్యూమే రాస్తున్నవన్నమాట," అంది.

మార్చి 26

మ్యాచ్ జరిగిన రోజు పేజీ దొరికింది. అతి చిన్న రాత, భూతద్దంతో మూడుసార్లు చదివాను.

"శనివారం. రోజంతా కొట్టులో. బఠాణీ విత్తనాలు తూచాను. మూడింటికి వర్షం. డి.హెచ్. ఆదివారం వచ్చి చెప్తాడు."

ఆదివారం: "డి.హెచ్. వచ్చాడు. ఓడిపోయారట. నేను బాగా ఆడానని పేపర్లో వేశారట. ఇద్దరం నవ్వుకున్నాం."

మ్యాచ్ డబ్లిన్‌లో. బఠాణీలు లాన్‌వెరిన్‌లో.

రేపు కారల్‌కి చెప్తాను.

మార్చి 27

కారల్‌కి పంటి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. చెప్పలేదు.

మార్చి 31

డైరీలో తేదీలు ఒక వారం అటూ ఇటూ అయి ఉండొచ్చు. మనుషులు తర్వాతెప్పుడో కూర్చుని రాస్తారు. నేనూ అప్పుడప్పుడూ అలా రాస్తాను.

ఏప్రిల్ 2

మే 17న సంఘం వార్షిక దినం. పక్కనున్న హైస్కూలు హాకీ జట్టు అమ్మాయిలు టోపీ చూడటానికి వస్తారట. టోపీ పక్కన నేను రాసిన పరిచయం పెడతారు. కారల్ కేక్ చేసి తెచ్చింది. కోస్తూ, "మా ఇంట్లో ఇంకెవరూ ఏమీ కాలేదు. పాలు పిండారు, చర్చికి వెళ్లారు. తాత మాత్రం దేశానికి ఆడాడు," అంది.

నెల గంటల ఉత్తరం మీద సంతకం పెట్టింది. కేక్ బాగుంది.

ఏప్రిల్ 11

డి.హెచ్. అంటే డేవిడ్ హ్యూస్. ఉత్తరాల్లో అయిదు అతనివి. ఒక బోర్డింగ్ స్కూల్లో పిల్లలకు క్రికెట్ నేర్పేవాడు, జీతానికి. హాకీ సంఘం వాళ్ల దృష్టిలో ఏ ఆటకైనా డబ్బు పుచ్చుకున్నవాడు ప్రొఫెషనలే. వాడు వాళ్ల మైదానంలో కాలు పెట్టకూడదు. ఆ జిల్లా మొత్తానికి తనంత మంచి బ్యాక్ లేడని కెప్టెనే అన్నాడని హ్యూస్ రాశాడు, కొంచెం గర్వంగానే. ఐవర్ ఊరి క్లబ్బులో రెండో జట్టుకు ఆడేవాడు. గుమాస్తా, ఆటకి ఎన్నడూ పైసా ముట్టనివాడు. మచ్చలేని పేరు.

ఫిబ్రవరి ఉత్తరం: "మూడు రోజులకు నీ పేరు నాకియ్యి. కెప్టెన్ చూసీ చూడనట్టు ఉంటానన్నాడు. చెడగొట్టకుండా తిరిగి ఇస్తాను."

రేపు కారల్‌కి చెప్తాను.

ఏప్రిల్ 14

మాస్టారికి చెప్పాను, కారల్‌కి కాదు.

ఆయన చాలాసేపు గెడ్డం నిమురుకున్నారు. "ఎవురూ కనిపెట్టలేదా?"

"ఎవరూ అడగలేదు మాస్టారూ."

"ఆ కాలంలో రూలే అట్ల ఉండె. మా కోచింగ్ క్యాంపులో పాత పుస్తకం ఒగటి ఉండేది, దాన్లో చదివినా. అంపైరు కండ్లతో ఫౌలు చూసినా గానీ తనంతట తాను విజిలేసేవాడు కాదంట. ఆటగాడు ఎవడైనా చెయ్యెత్తి అప్పీలు చేస్తేనే. అడగలేదా, ఆట సాగాల్సిందే."

"మరి అంపైర్ ఎందుకు?"

"అడిగినప్పుడు అబద్ధం చెప్పకుండా ఉండేదానికి," అన్నారు. తర్వాత హాజరు తీసుకున్నారు. ఇద్దరు తక్కువ.

ఏప్రిల్ 24

అయిపోయింది. బెంటన్‌విల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. నలభై నిమిషాలు.

గెస్ట్ హౌస్ హాల్లో కూర్చున్నాను, అక్కడే నెట్ బాగా వస్తుంది. అనుదీప్ అన్న ఇచ్చిన బ్లేజర్ భుజాల దగ్గర వదులు. నా మైక్ ఆపేసి అక్క గొంతు కలిపారు. అవతల ఇద్దరు, బ్రాడ్ అని ఒకాయన, పేరు సరిగా వినపడని ఒకావిడ. మొదటి అయిదు నిమిషాలు నా పెదవులు అక్క మాట కంటే అర సెకను వెనక పడ్డాయి. తర్వాత కుదిరింది. ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో తెలిసిపోయింది.

పని మధ్యలో సిస్టమ్ పడిపోతే ఏం చేశావని బ్రాడ్ అడిగాడు. అక్క సొంత కథ చెప్పింది. హైదరాబాద్‌లో పండగ రోజు ఆఫీసులో ఒక్కతే ఉంది. పేమెంట్లన్నీ ఆగిపోయాయి. మేనేజర్ ఫోన్ ఎత్తలేదు. పుస్తకంలో ఉన్న పద్ధతి వదిలేసి పాత కాపీ పైకి తెచ్చింది, తర్వాత తానే తప్పు రాసిచ్చింది. బ్రాడ్ ముందుకు వంగి విన్నాడు. అతను ఎవరి మొహమైతే చూస్తూ మెచ్చుకున్నాడో ఆ మొహం నాది. ఆవిడేదో జోక్ వేసింది, అక్క నవ్వింది, నేను ఆలస్యంగా నవ్వాను.

కెమెరా అవతల వంటింటి గుమ్మంలో మాస్టారు మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. గ్లాసు అలాగే పట్టుకుని నా మూసి తెరిచే నోటిని చూశారు. తర్వాత వెనక తలుపు చప్పుడైంది.

ఏప్రిల్ 25

మాస్టారు రాలేదు.

ఏప్రిల్ 28

మాస్టారు రాలేదు. మోకాళ్ల నొప్పులంటున్నారని అనుదీప్ అన్న చెప్పాడు.

ఏప్రిల్ 30

ఆఫర్ వచ్చింది. అనుదీప్ అన్న గెస్ట్ హౌస్ మొత్తానికి పిజ్జాలు తెప్పించాడు. "చూశావా? రెడ్‌మండ్ వర్షం గురించి ఒక్కడన్నా అడిగాడా?" అన్నాడు.

బ్యాక్‌గ్రౌండ్ ఫారం నింపి మే 9 లోపు పంపాలి. అందులో పాత ఉద్యోగాలన్నీ రాయాలి. కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే ఆ బ్యాంకు మనిషిలా మాట్లాడేవాడు కూడా ఉన్నాడట. అమ్మకు ఫోన్ చేసి ఉద్యోగం అర్కన్సా రాష్ట్రంలో అన్నాను. ఏ దిక్కున అని అడిగింది. కిందన, మధ్యలో, అన్నాను. సంతోషంగా ఉన్నాను.

సంతోషంగానే ఉన్నాను.

మే 1

పొద్దున విజయశ్రీ అక్క ఫోన్ చేసింది. "ఆఫర్ లెటర్ ఒకసారి ఫార్వర్డ్ చేస్తవా? చదివి డిలీట్ చేస్త. ఊరికే."

చేశాను. సాయంత్రం గ్రోసరీ పార్కింగ్‌లో ఆమె కారు కనపడింది. స్టీరింగ్ మీద ఫోన్ ఆనించి చదువుతోంది. అది రెండు పేజీల ఉత్తరం. కొత్తిమీర, పాలు కొనుక్కుని నేను బయటికి వచ్చేదాకా చదువుతూనే ఉంది.

ఐవర్, 1908 మే: "టోపీ పోస్టులో వచ్చింది. డి.హెచ్. చూడటానికి వచ్చాడు. కొట్టు వెనక గదిలో పెట్టుకున్నాడు. అద్దం ఉందా అన్నాడు. లేదన్నాను. కిటికీలో చూసుకున్నాడు. తీసుకుపొమ్మన్నాను. నా పేరు మీద వచ్చింది కదా అని వదిలి వెళ్లాడు."

ఈ రెండూ ఒకే రోజు కనపడ్డాయి కాబట్టి ఒకచోట రాస్తున్నాను. అంతే.

మే 5

మాస్టారు వచ్చారు. అందరూ పైన ఉన్నారు. షూలు విప్పకుండానే నా ఎదురుగా కూర్చున్నారు.

"పాపా, నిన్నొకటి అడగల్ల."

"అడగండి."

"ఆ పొద్దు కంప్యూటర్ ముందర మాట్లాడింది నువ్వు కాదు గదా?"

"కాదు మాస్టారూ."

"ఎవురు?"

"విజయశ్రీ అని ఒక అక్క."

"మావానికి తెలుసునా?"

ఇది కష్టమైన ప్రశ్న అనుకున్నాను కానీ జవాబు వెంటనే వచ్చేసింది. "తెలుసు. అందరికీ ఇలాగే చేస్తారు."

తల ఊపారు. బల్ల మీదున్న నా నోట్స్ అటూ ఇటూ తిప్పి చూశారు. "నాతో కాలేజీ అన్యాడు," అన్నారు. లేచారు. ఒక షూ లేసు విప్పి మళ్లీ కట్టుకున్నారు, అది బాగానే ఉంది. హాజరు అడగలేదు.

రెండు నెలల్లో నన్ను ఎవరైనా సూటిగా అడగడం ఇదే మొదటిసారి. అడిగితే ఏమవుతుందో నాకు ముందు తెలియదు. చెప్పేశాను, అంతే అయింది.

మే 8

ఫారం నింపాను. పూర్వ ఉద్యోగాలు అన్నచోట: చరిత్ర సంఘం, వాలంటీర్, ఏడు నెలలు. తర్వాత ఖాళీ. వ్యాఖ్యలు అన్న పెట్టెలో రెండు వాక్యాలు రాశాను. నాకు రెజ్యూమేలో చెప్పిన అనుభవం లేదు. ఇంటర్వ్యూలో జవాబులు నావి కావు. ఎవరివో రాయలేదు. రాయొచ్చా అని అక్కను అడగలేదు. ముందే చెప్పలేదు కూడా.

నీతి కోసం చేశానని రాసుకుంటే బాగుంటుంది. నిజానికి బ్రాడ్ మొదటి రోజే ఆ పండగ రోజు కథ గురించి ఇంకో ప్రశ్న అడుగుతాడని నాకు అనిపించింది. ఏ పండగో కూడా నాకు తెలియదు.

మే 9

పొద్దున ఒక లైను వచ్చింది. ఆఫర్ ఉపసంహరించుకున్నారు.

మధ్యాహ్నం కారల్‌కి పరిచయం ఇచ్చాను. ఒక పేజీ. మ్యాచ్ పేరా ఇలా రాశాను: "1908లో ఐర్లండ్‌తో మ్యాచ్‌లో ప్రోథెరో పేరు నమోదైంది. ఆయన డైరీ ప్రకారం ఆ రోజు ఆయన లాన్‌వెరిన్‌లో కొట్టులో ఉన్నారు. ఆయన పేరుతో డేవిడ్ హ్యూస్ ఆడినట్టు ఉత్తరాలు చెబుతున్నాయి. హ్యూస్ జీతం తీసుకునే క్రికెట్ కోచ్, అందువల్ల అమెచ్యూర్ హాకీకి అనర్హుడు. ప్రోథెరో వేల్స్ తరఫున ఆడినట్టు ఆధారం లేదు."

కారల్ చదివింది. డైరీ, ఉత్తరాలు అడిగింది, భూతద్దం అడిగింది. తర్వాత బ్యాగ్ తీసుకుని బయటికి వెళ్లింది. కిటికీలోంచి చూశాను. కార్లో కూర్చుని ఇంజిన్ ఆన్ చేసింది, కారు కదల్లేదు. ఇరవై నిమిషాలు. పైన డల్లస్‌కి దిగే విమానాలు నాలుగు వెళ్లాయి.

వచ్చి కోటు తగిలించింది.

"మార్చి నుంచి నీ దగ్గరే ఉందా ఇది?"

"మార్చి 26 నుంచి."

"నా కేక్ తిన్నావు."

"తిన్నాను."

"మా అమ్మ ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ చెప్పేది. ఆయన ప్లేట్ వంక చూస్తూ ఉండేవాడు. సిగ్గనుకున్నాం." పేజీ మళ్లీ చేతిలోకి తీసుకుంది. పెన్సిల్ చెవి వెనక నుంచి తీసింది. "ఈ నాలుగో వాక్యం పొడుగు. రెండుగా విడగొట్టు. హ్యూస్ ఎప్పుడు పుట్టాడు, ఎప్పుడు పోయాడు?"

"తెలియదు."

"తెలియదని రాయి."

మే 10

విజయశ్రీ అక్క వచ్చింది. లోపలికి రానంది. గుమ్మంలోనే.

"నాకొక్క మాట చెప్పకపోతివి."

"చెప్తే వద్దంటావని."

"అంటుంటి! ఎందుకనను? అది నేను గెలిచిన ఆఫర్. ముప్పై ఏడిట్ల ఒక్క రౌండ్ల వచ్చిందదొక్కటే తెలుసా నీకు? వాడు ఇంకో రౌండ్ కూడా పెట్టలే. నువ్వు పోయి పని చేస్తవో మునుగుతవో నీ ఇష్టం, గానీ ఉంటుండె గదా అది! ఏడనో ఒకచోట ఉంటుండె!"

"నా పేరు మీద ఉంటే నీకేం వస్తుందక్కా?"

"నీకర్థం కాదు," అంది. "నీకు పర్మిట్ ఉండె."

నేను మంచి పని చేశానని రెండు రోజులుగా అనుకుంటున్నాను. ఆమె కూడా అలాగే అంటుందని ఎక్కడో అనుకున్నట్టున్నాను.

మే 11

అమర్‌నాథ్ గారు నెలాఖరుకి గది ఖాళీ చేయమన్నారు. మర్యాదగానే చెప్పారు. మాస్టారు తిరుగు టికెట్ ముందుకు జరిపించుకున్నారట.

మే 17

పద్దెనిమిది మంది అమ్మాయిలు, మోకాళ్ల దాకా సాక్సులు, అందరి చేతుల్లో నీళ్ల సీసాలు. టోపీని చూసి "సో క్యూట్" అన్నారు. పేజీ ఎక్కువమంది చదవలేదు. మేధ అనే తెలుగమ్మాయి చదివింది, గోల్‌కీపరట. నా దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, మీరా రాసింది?"

ఇరవై నాలుగేళ్లకు ఆంటీనయ్యాను. "నేనే."

"ఆ హ్యూస్ గుడ్ ప్లేయర్ కదా? మరి వాళ్లు వాడికి ఎందుకు ఇవ్వలే క్యాప్? తర్వాత అయినా?"

"ఎవరూ అడగలేదు."

"హీ షుడ్ హావ్ ఆస్క్‌డ్," అని కోపంగా వెళ్లి కేక్ తీసుకుంది.

కారల్ రోజంతా టోపీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. మీ తాతగారా అని అడిగినవాళ్లకు, "మా తాతే. ఆడలేదు. చదవండి," అని చెప్పింది. మొదటి నలుగురికి గొంతు గట్టిగా, తర్వాత మామూలుగా.

జూన్ 14

అయిపోయింది. ఓపీటీ ఇవాళ్టితో సరి. మధ్యాహ్నం అద్దె గదిలో బట్టలు ఉతికాను.

జూన్ 20

అమ్మకు చెప్పాను. లైబ్రరీ కాదని, ఆఫీసర్ని కాదని, జీతం లేదని. "మరి అన్ని రోజులు ఏం చేశావే?" అంది. ఒక హాకీ ఆటగాడి గురించి చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఆపి, "గెలిచాడా?" అని అడిగింది.

జూలై 6

విమానంలో రాస్తున్నాను.

విజయశ్రీ అక్క వచ్చి దింపింది. మే నుంచి మాట్లాడలేదు. నిన్న మెసేజ్ పెట్టింది, ఎన్ని గంటలకు అని.

"మాట్లాడనన్న, డ్రైవ్ చేయనన్ననా?" అంది, సూట్‌కేసు ఎత్తుతూ. పర్మిట్ ఇంకా రాలేదు. జూలై 21కి పద్దెనిమిది నెలలు.

సగం దారిలో ఫోన్ మోగింది. అనుదీప్ అన్న. గెస్ట్ హౌస్‌లో ఉండే అంకిత ఇంటర్వ్యూ గంట ముందుకు జరిగిందట, ఇప్పుడే కావాలట.

"కార్ల ఉన్న, ఎట్ల?" అని అరిచి, నా వైపు చూసి, "నీకు టైముంది కదా," అంది.

ఎయిర్‌పోర్ట్ బయట, వచ్చేవాళ్ల కోసం కార్లు ఆగే స్థలంలో ఆపింది. చప్పుడు వినపడకుండా ఏసీ ఆపేసింది, అద్దాలు ఎత్తేసింది. ఫోన్ డాష్‌బోర్డ్ మీద పెట్టింది. ఎవరికీ కనపడదు కదా, అయినా వెనక్కి జరిగి నిటారుగా కూర్చుంది, జుట్టు చెవి వెనక్కి పెట్టుకుంది. "హాయ్, దిస్ ఈజ్ అంకిత."

ముప్పై అయిదు నిమిషాలు. నేను కదలకుండా కూర్చున్నాను. చెమట ఆమె చెంప మీంచి దిగి మెడలోకి వెళ్తోంది, గొంతులో మాత్రం అది లేదు. అంత బాగా మాట్లాడేవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు. ఎదుటివాళ్లు ప్రశ్న పూర్తి చేసేదాకా ఆగుతుంది. తెలియనిది తెలియదంటుంది, తెలుసుకునే దారి చెప్తుంది. ఒకచోట వాళ్ల ప్రశ్నే తప్పని మెల్లగా చూపించింది, వాళ్లు ఒప్పుకున్నారు.

చివర్లో అవతలాయన సరదాగా అడిగాడు. పని లేనప్పుడు ఏం చేస్తుంటావు?

"మా పాపని స్విమ్మింగ్‌కి తీసుకెళ్తాను," అంది అక్క.

ఇద్దరం ఒకేసారి ఫోన్ వంక చూశాం. అంకితకు ఇరవై మూడు. పెళ్లి కాలేదు.

అన్న కూతురనో, పక్కింటి పాపనో, ఏదో ఒకటి చెప్పి సర్దేస్తుందనుకున్నాను. సర్దడం ఆమెకు ఎంత తేలికో నాకు తెలుసు. అవతలాయన, ఓ, ఎన్నేళ్లు, అన్నాడు.

ఆమె నన్ను చూసింది. తర్వాత అద్దంలోంచి బయటికి చూసింది.

"ఆరేళ్లు," అంది. "పేరు రియా. మొదట్లో నీళ్లంటే ఏడ్చేది. గట్టు పట్టుకుని వదిలేది కాదు. ఇప్పుడు నేను పిలిచినా బయటికి రాదు."

ఆపలేదు. రియా గాగుల్స్ గురించి, కోచ్ గురించి, తాను మాత్రం ఈత నేర్చుకోలేకపోవడం గురించి రెండు నిమిషాలు చెప్పింది. అంతసేపూ గెస్ట్ హౌస్‌లో వదులు బ్లేజర్ వేసుకున్న అంకిత లేని కూతురి గురించి పెదవులు కదుపుతూ ఉండి ఉంటుంది.

కాల్ అయిపోయింది. అక్క ఏసీ వేసి, చున్నీతో మొహం తుడుచుకుంది.

"పోయింది గదా?"

"ఏమో అక్కా."

"పోతే పోనీ," అంది. ఫోన్‌లో అనుదీప్ అన్న పేరు వెలుగుతోంది. బోర్లా తిప్పి పెట్టింది. "నడువ్, టెర్మినల్‌కి పోదాం. నీకు లేటయితున్నది."